వాట్సాపా, సిగ్నలా, టెలిగ్రామా, వీపీఎన్నా, టారా: విశాఖలో ఎవరికి ఏది సరిపోతుంది?

"ఏ యాప్ సేఫ్ అండీ?" గాజువాక యూనియన్ ఆఫీసులో అడిగినా, ఏయూ హాస్టల్లో అడిగినా, కొడుకు దుబాయ్‌లో ఉన్న ఇంట్లో అడిగినా ప్రశ్న ఇదే. అవసరాలు మాత్రం వేరు. యూనియన్ కార్యకర్తకు సమ్మె గురించిన చర్చ మేనేజ్‌మెంటు చేతికి చిక్కకూడదు. హాస్టల్లో ఉన్న అమ్మాయికి తన పోస్టు మీద కేసు పడుతుందేమోనని బెంగ. ఆ తల్లికి కొడుకును వీడియో కాల్లో చూడాలని ఉంటుంది, కానీ అక్కడ వాట్సాప్ కాల్ కలవదు. ముగ్గురికీ ఒకే యాప్ పేరు చెబితే కనీసం ఇద్దరికి పనికిరాని సలహా ఇచ్చినట్టే.

అందుకని యాప్ పేరు చెప్పేముందు నేను ఒకటి అడుగుతాను: ఎవరి నుంచి దాచాలి? దీనికి జవాబు దొరికాక ఎంపిక చాలావరకు సులువవుతుంది. అది తేలకుండా ఎంత మంచి యాప్ పెట్టుకున్నా రక్షణ సగమే.

## ముందు తేల్చుకోవాల్సినవి

మన చుట్టుపక్కల జరిగిన నాలుగు ఘటనలు చూద్దాం. నాలుగింటిలోనూ ప్రమాదం నాలుగు వేర్వేరు వైపుల నుంచి వచ్చింది.

2019 డిసెంబరులో 'ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్' పేరుతో ఆంధ్రప్రదేశ్ ఇంటెలిజెన్స్ విభాగం, కేంద్ర నిఘా సంస్థలు కలిసి ఏడుగురు నౌకాదళ సిబ్బందిని అరెస్టు చేశాయి. ఫేస్‌బుక్‌లో ఆడవాళ్ల పేర్లతో పరిచయమైనవారికి నౌకల సమాచారం చేరవేశారన్నది ఆరోపణ. ఆ నెలాఖరుకల్లా నౌకాదళం తన స్థావరాల్లో, నౌకల మీద స్మార్ట్‌ఫోన్లను, ఫేస్‌బుక్‌ను నిషేధించింది. ఇక్కడ దారి మధ్యలో ఎవరో చాటుగా వినడం కాదు సమస్య. అవతలి చివరన ఉన్నది మనం అనుకున్న మనిషి కాకపోవడం. దీన్ని ఏ ఎన్‌క్రిప్షనూ (మాటను దారిలో ఎవరికీ అర్థంకాని గుర్తులుగా మార్చే పద్ధతి) ఆపలేదు.

2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్.వెంకటాపురాన్ని కమ్మేసి 12 మందిని బలి తీసుకుంది. ఆ ప్రమాదం మీద ప్రశ్నలు వేస్తున్న ఒక పోస్టును ఫేస్‌బుక్‌లో పంచుకున్నందుకు గుంటూరులో అరవై దాటిన ఒక మహిళకు సీఐడీ నోటీసు ఇచ్చింది. ఆమె దాచిందేమీ లేదు, సొంత పేరుతో బాహాటంగా మాట్లాడింది. అలాంటప్పుడు కావాల్సింది యాప్ కాదు, చట్టం గురించిన అవగాహన.

2022 మేలో జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో హింస చెలరేగినప్పుడు కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటర్నెట్టే లేనప్పుడు ఏ చాట్ యాప్ అయినా ఒకటే.

2024లో తెలంగాణలో ఫోన్ ట్యాపింగ్ కేసు బయటపడింది. ప్రతిపక్ష నాయకుల దగ్గర నుంచి ఇతరుల దాకా ఫోన్లు అక్రమంగా విన్నారన్న ఆరోపణలపై పోలీసు అధికారులే అరెస్టయ్యారు. మామూలు ఫోన్ కాల్, ఎస్సెమ్మెస్ టెలికాం కంపెనీ దగ్గర తెరిచే ఉంటాయన్నది అందరూ మరిచిపోయే సంగతి. వాటితో పోలిస్తే ఎన్‌క్రిప్షన్ ఉన్న ఏ యాప్ కాల్ అయినా మెరుగే.

వీటి నుంచి తేలే కొలతలు ఇవి:

- ఎవరి నుంచి రక్షణ? ఇంట్లోవాళ్లా, గ్రూపులో స్క్రీన్‌షాట్ తీసే మనిషా, యాప్ నడిపే కంపెనీయా, ఇంటర్నెట్ ఇచ్చే సంస్థా, ప్రభుత్వమా, పరాయి దేశపు ప్రభుత్వమా?
- కంపెనీ దగ్గర మన గురించి ఏముంది? కోర్టు అడిగితే ఉన్నది ఇవ్వక తప్పదు. లేనిది ఎవరూ ఇవ్వలేరు. నా దృష్టిలో అన్నిటికంటే బరువైన కొలత ఇదే.
- అడ్డుకుంటే పనిచేస్తుందా?
- మనవాళ్లు అందులో ఉన్నారా? ఎవరూ లేని యాప్‌లో ఎంత భద్రత ఉన్నా మాట్లాడేందుకు మనిషి ఉండడు.
- వాడటం చట్టబద్ధమేనా? ఇక్కడ ఒక జవాబు, గల్ఫ్‌లో ఇంకొకటి.

## చాట్ యాప్‌లు

| కొలత | సిగ్నల్ | వాట్సాప్ | టెలిగ్రామ్ |
|---|---|---|---|
| ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ (పంపినవారు, అందుకున్నవారు తప్ప కంపెనీ కూడా చదవలేనిది) | అన్ని చాట్లకూ, కాల్స్‌కూ, గ్రూపులకూ | వ్యక్తిగత చాట్లకూ, కాల్స్‌కూ, గ్రూపులకూ | ఇద్దరి మధ్య కాల్స్‌కూ, 'సీక్రెట్ చాట్' తెరిస్తే దానికీ. గ్రూపు చాట్లకు లేదు |
| కంపెనీ దగ్గర ఉండేది | దాదాపు ఏమీ లేదు | ఎవరు, ఎవరితో, ఎప్పుడు వంటి వివరాలు | మామూలు చాట్లు కంపెనీ సర్వర్లలోనే |
| నడిపేది | లాభాపేక్ష లేని ఫౌండేషన్ | మెటా | ప్రైవేటు కంపెనీ |
| ఎదుటివారికి నంబరు కనపడకుండా | కుదురుతుంది (2024 నుంచి) | గ్రూపులో నంబరు కనపడటం మామూలే | కుదురుతుంది |
| మనవాళ్లు | తక్కువ | దాదాపు అందరూ | సినిమాలు, పరీక్షల మెటీరియల్ చానళ్ల వల్ల కుర్రాళ్లు ఎక్కువ |

సిగ్నల్. 2016లో అమెరికాలోని వర్జీనియా నుంచి గ్రాండ్ జ్యూరీ సమన్లు వస్తే సిగ్నల్ ఇవ్వగలిగినవి రెండే: ఖాతా తెరిచిన తేదీ, చివరిసారి సర్వర్‌కు కనెక్టయిన తేదీ. ఎవరితో మాట్లాడారో, ఏ గ్రూపులో ఉన్నారో ఇవ్వడానికి వాళ్ల దగ్గరే లేదు. నేను సిగ్నల్‌ను ముందు పెట్టడానికి కారణం ఇదే. ప్రకటనల్లో ఏ కంపెనీ అయినా ఎన్నయినా చెప్పుకుంటుంది. సమన్లు వచ్చినప్పుడు చేతిలో ఏముందన్నది అసలు పరీక్ష.

లోపాలూ ఉన్నాయి. ఖాతా తెరవాలంటే ఫోన్ నంబరు కావాలి. మన దేశంలో సిమ్ వెనక గుర్తింపు పత్రం ఉంటుంది. కాబట్టి సిగ్నల్ మీ మాటను దాచుతుంది గానీ, మీకు సిగ్నల్ ఖాతా ఉందన్న సంగతిని దాచదు. 2024 ఆగస్టులో రష్యా దాన్ని అడ్డుకుంది. ఇరాన్ 2021లోనే ఆ పని చేసింది. ఇలాంటి చోట్ల కోసం యాప్‌లోనే ప్రాక్సీ (అడ్డును తప్పించి కలిపే మధ్య సర్వర్) పెట్టుకునే సదుపాయం ఉంది.

వాట్సాప్. 2016 నుంచి ఇది వాడేదీ సిగ్నల్ వాళ్లు తయారుచేసిన ఎన్‌క్రిప్షన్ పద్ధతే. దారిలో మీ మాట ఎవరూ చదవలేరు. కానీ రెండు కంతలున్నాయి. ఒకటి, మెటా దగ్గర పోగయ్యే వివరాలు: ఎవరితో, ఎంత తరచుగా, ఏ వేళప్పుడు, ఏ ఐపీ అడ్రసు (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే నంబరు) నుంచి. సమ్మెకు ముందు రాత్రి ఎవరు ఎవరికి వరసగా మెసేజీలు పెట్టారో తెలిస్తే, మాటలు తెలియకపోయినా నాయకులెవరో తెలిసిపోతుంది. రెండోది బ్యాకప్. చాట్లు గూగుల్ డ్రైవ్‌లోకో ఐక్లౌడ్‌లోకో మామూలుగా బ్యాకప్ అవుతుంటే, దారిలో ఉన్న రక్షణ అక్కడ ఉండదు. 2021 నుంచి బ్యాకప్‌ను కూడా ఎన్‌క్రిప్ట్ చేసుకోవచ్చు. సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్ తెరిచి ఆన్ చేసుకోవాలి. ఇది దానంతటదే ఆన్ అవదు. ఈ వ్యాసంలో ఒక్క పనే చేసే తీరిక ఉంటే ఇదే చేయండి.

వాట్సాప్ ముందున్న పెద్ద చిక్కు 2021 ఐటీ నిబంధనలు. 50 లక్షలకు మించి వాడకందారులున్న మెసేజింగ్ యాప్‌లు, ఆదేశం వస్తే, ఒక సందేశాన్ని దేశంలో మొదట పంపిందెవరో చెప్పగలగాలని వాటిలో ఉంది. ఆ పని చేయాలంటే ప్రతి సందేశానికీ గుర్తు వేసుకోవాల్సిందే. వాట్సాప్ దీన్ని ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. ఎన్‌క్రిప్షన్ తీసేయమంటే దేశం నుంచి వెళ్లిపోతామని 2024 ఏప్రిల్‌లో అక్కడే చెప్పింది.

టెలిగ్రామ్. దీని గురించి మన దగ్గర ఉన్నన్ని అపోహలు మరి దేని గురించీ లేవు. టెలిగ్రామ్ గ్రూపులో మాట్లాడటం జగదాంబ సెంటర్లో మైకు పట్టుకుని మాట్లాడటంతో సమానమనుకోండి, మీకు అన్యాయం జరగదు. గ్రూపులకు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు. 2022లో ఒక కాపీరైట్ కేసులో ఢిల్లీ హైకోర్టు ఆదేశిస్తే చానళ్లు నడిపేవారి పేర్లు, నంబర్లు, ఐపీ అడ్రసులు టెలిగ్రామ్ కోర్టుకు ఇచ్చింది. 2024 ఆగస్టులో దాని అధిపతి పావెల్ దురోవ్‌ను ఫ్రాన్స్‌లో అరెస్టు చేశాక, చట్టబద్ధంగా అడిగితే ఐపీ అడ్రసులు, ఫోన్ నంబర్లు ఇస్తామని నిబంధనలే మార్చుకుంది. వేలమందికి కరపత్రం చేరవేయడానికి దీన్ని మించింది లేదు. రహస్య చర్చకు మాత్రం వద్దు.

అరట్టై. జోహో వాళ్ల యాప్ కాబట్టి 2025 సెప్టెంబరు, అక్టోబరుల్లో చాలామంది అభిమానంతో ఎక్కించుకున్నారు. మన దేశంలో తయారైనది ఎదగాలన్న కోరిక నాకూ ఉంది. కానీ ఆ హడావిడి నడుస్తున్నప్పుడు అందులో కాల్స్‌కు ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉండేది, మామూలు రాత చాట్లకు లేదు. వాడేముందు మీ చాట్‌కు, మీ గ్రూపుకు ఇప్పుడది ఉందో లేదో యాప్‌లో చూసుకోండి. కంపెనీ ఏ దేశానిదన్నది ఈ విషయంలో రెండో ప్రశ్న.

## వీపీఎన్, టార్, ప్రైవేట్ డీఎన్ఎస్

చాట్ యాప్ మాటను దాచుతుంది. ఇవి మీరు ఏ సైట్లకు వెళ్తున్నారన్నదాన్ని దాచుతాయి. ఇంట్లో ఉన్నది ప్రైవేటు ఫైబరైనా, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్ అయినా, ఇంటర్నెట్ ఇచ్చే సంస్థకు సైట్ల పేర్లు కనపడతాయి. సైటు లోపల మీరు చదివింది, రాసింది (అడ్రసు 'హెచ్‌టీటీపీఎస్'తో మొదలైతే) కనపడదు.

ప్రైవేట్ డీఎన్ఎస్ ఆండ్రాయిడ్ 9 నుంచి ఫోన్లోనే ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. సైటు పేరు వెతికే అడుగును మాత్రమే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. చిన్న రక్షణే, అయినా ఖర్చు లేదు కాబట్టి ఆన్ చేసుకోండి.

వీపీఎన్ అంటే మీ ఇంటర్నెట్ రాకపోకలన్నీ ముందు ఒక కంపెనీ సర్వర్‌కు ఎన్‌క్రిప్ట్ అయి వెళ్లే దారి. దాని గురించి ఒక మాట స్పష్టంగా చెప్పాలి. అది నిఘాను తీసేయదు, చేతులు మారుస్తుంది. అంతకుముందు మీ ఇంటర్నెట్ కంపెనీ చూడగలిగింది ఇప్పుడు వీపీఎన్ కంపెనీ చూడగలుగుతుంది. కాబట్టి ఆ కంపెనీ ఎవరన్నదే మొత్తం విషయం. ఫేస్‌బుక్ ఒకప్పుడు 'ఒనావో' అనే ఉచిత వీపీఎన్ ఇచ్చి, జనం ఏ యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో దాని ద్వారా పోగేసుకుంది. 2018లో ఆపిల్ ఒత్తిడితో దాన్ని యాప్ స్టోర్ నుంచి తీసేసింది. డబ్బు అడగని వీపీఎన్‌కు డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో తెలియకపోతే, అది మీ నుంచే వస్తోందనుకోవాలి.

దీనికి వ్యతిరేకమైన ఉదాహరణ స్వీడన్‌లోని ముల్వాడ్. 2023 ఏప్రిల్‌లో పోలీసులు వారంటుతో ఆఫీసుకొచ్చి, వాడకందారుల వివరాలేవీ దొరక్క ఖాళీ చేతులతో వెళ్లారు. నెలకు 5 యూరోలు, ఈమెయిల్ కూడా అడగరు. స్విట్జర్లాండ్‌కు చెందిన ప్రోటాన్ ఉచిత వీపీఎన్ కూడా ఇస్తుంది. డబ్బు కట్టే వాడకందారులు దాని ఖర్చు మోస్తారు. అయితే అదే సంస్థ మెయిల్ సేవ 2021లో స్విస్ ఆదేశానికి తలొగ్గి ఒక ఫ్రెంచ్ పర్యావరణ కార్యకర్త ఐపీ అడ్రసు ఇవ్వాల్సి వచ్చింది. ఏ కంపెనీ అయినా తానున్న దేశపు చట్టానికి లోబడే ఉంటుంది.

మన దేశంలో పరిస్థితి: వీపీఎన్ వాడటం నేరం కాదు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు వాడకందారుల పేర్లు, ఐపీ అడ్రసులు వగైరా 5 ఏళ్లు దాచాలి. దాంతో ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, నార్డ్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్, ప్రోటాన్ ఇక్కడి సర్వర్లను తీసేశాయి. 2025 మొదట్లో కొన్ని వీపీఎన్ యాప్‌లు మన యాప్ స్టోర్ల నుంచి కూడా మాయమయ్యాయి. జమ్మూకశ్మీర్‌లో కొన్ని జిల్లాల్లో అధికారులు వీపీఎన్ వాడకాన్నే నిషేధిస్తూ ఉత్తర్వులిచ్చారు. అటు వెళ్లేవాళ్లు అక్కడి ఉత్తర్వు చూసుకోవాలి.

రైల్వే స్టేషన్లో, లాడ్జిలో, కాఫీ షాపులో వైఫై వాడేటప్పుడు వీపీఎన్ పనికొస్తుంది. ఇంట్లో కూర్చుని ఫేస్‌బుక్‌లో సొంత పేరుతో పోస్టు పెట్టేవారికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. లాగిన్ అయ్యాక మీరెవరో ఫేస్‌బుక్‌కు తెలుసు.

టార్ అంటే మీరెవరో సైట్లకు తెలియకుండా దాచే నెట్‌వర్క్, దానికో బ్రౌజర్ ఉంది. దాని పునాది పడింది నౌకాదళంలో. 1990ల మధ్యలో అమెరికా నేవల్ రీసెర్చ్ లేబరేటరీ పరిశోధకులు 'ఆనియన్ రూటింగ్' పద్ధతి తయారుచేశారు. మీ అభ్యర్థన మూడు కంప్యూటర్ల గుండా వెళ్తుంది. మొదటిదానికి మీరెవరో తెలుసు, ఎక్కడికి వెళ్తున్నారో తెలియదు. చివరిదానికి గమ్యం తెలుసు, మీరెవరో తెలియదు. వీపీఎన్‌లో ఒక్క కంపెనీని నమ్మాలి, ఇక్కడ ఏ ఒక్కరినీ పూర్తిగా నమ్మక్కర్లేదు. ఖరీదు ఏమీ లేదు గానీ నెమ్మదిగా నడుస్తుంది, వీడియోలకు పనికిరాదు.

ఒక జాగ్రత్త. మీరు టార్‌లో ఏం చేస్తున్నారో ఇంటర్నెట్ సంస్థకు తెలియదు గానీ, టార్ వాడుతున్నారని తెలుస్తుంది. 2013లో హార్వర్డ్ విద్యార్థి ఒకడు పరీక్ష తప్పించుకోవడానికి టార్ ద్వారా బాంబు బెదిరింపు మెయిల్ పంపి దొరికిపోయాడు. ఆ సమయంలో క్యాంపస్ నెట్‌వర్క్ మీద టార్ వాడినవారిని వెతికితే అతను తేలాడు. అతను చేసింది నేరమే. కానీ మంచి పని చేసే మనిషికీ ఇదే వర్తిస్తుంది: ఆఫీసు వైఫై మీద టార్ తెరిచి ఆ ఆఫీసు అవినీతి గురించి రాయకూడదు. టార్ వాడకాన్నే దాచే 'బ్రిడ్జి'లు, 'స్నోఫ్లేక్' ఆ బ్రౌజర్లోనే ఉన్నాయి.

## ఇంటర్నెట్టే ఆపేస్తే

దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు, మార్కెట్లోనూ లేదు. బ్లూటూత్, వైఫై ద్వారా పక్క ఫోన్‌కు సందేశం అందించే బ్రయర్ లాంటి యాప్‌లున్నాయి. 2023 మేలో కేంద్రం అడ్డుకున్న 14 మెసేజింగ్ యాప్‌లలో బ్రయర్, ఎలిమెంట్, త్రీమా ఉన్నాయి. పైగా బ్లూటూత్ అందేది కొన్ని పదుల మీటర్లే. ఒక దీక్షా శిబిరంలో పనికిరావచ్చు, గాజువాక నుంచి మద్దిలపాలేనికి సందేశం అందదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు టవర్లు కూలి రోజుల తరబడి ఫోన్లు మూగబోవడం ఈ ఊరు చూసింది. గాలివాన చేసిన పనిని ఒక కాగితం మీద సంతకం కూడా చేయగలదు. అందుకే ఆ సంతకానికి సుప్రీంకోర్టు హద్దులు పెట్టింది. 2020 జనవరి 10న అనురాధా భసీన్ కేసులో, ఇంటర్నెట్ ద్వారా మాట్లాడే స్వేచ్ఛకు రాజ్యాంగ రక్షణ ఉందని, నిరవధికంగా ఆపడం కుదరదని, ఆపితే ఉత్తర్వును ప్రచురించాలని చెప్పింది. మీ ప్రాంతంలో ఆగితే ముందు అడగాల్సింది ఆ ఉత్తర్వు ప్రతి. ముఖ్యమైన నంబర్లు కాగితం మీద రాసుకుని ఉండటం, మామూలు కాల్‌తో కబురు చేరవేసే వరస ముందే అనుకోవడం, ఈ రెండూ ఏ యాప్ కంటే ఎక్కువ పనిచేస్తాయి.

## మీరు ఎవరైతే, ఏది

యూనియన్, ఉద్యమ కార్యకర్తలు. ఉక్కు ప్రైవేటీకరణ నిర్ణయం 2021లో వచ్చినప్పటి నుంచి కూర్మన్నపాలెం శిబిరం చుట్టూ ఎన్ని వాట్సాప్ గ్రూపులు నడిచాయో లెక్కలేదు. నా సలహా రెండంచెల పద్ధతి. నిర్ణయాలు తీసుకునే పది, పదిహేను మంది సిగ్నల్‌లో ఉండండి. సందేశాలు వారానికి వాటంతటవే చెరిగిపోయేలా పెట్టుకోండి. సభ ఎక్కడ, ఎన్నింటికి లాంటి కబుర్లకు వాట్సాప్ గ్రూపు చాలు. అందులో రాసిన ప్రతి మాటా మర్నాడు మేనేజ్‌మెంటు చదువుతుందనుకునే రాయండి. రెండొందల మంది ఉన్న గ్రూపులో రహస్యం నిలవదు. అందరినీ సిగ్నల్‌కు లాగాలని పట్టుబట్టకండి. రిటైరైన కార్మికుడు కొత్త యాప్ రాక గ్రూపుకు దూరమైపోతే ఉద్యమానికి అది ఎక్కువ నష్టం.

గ్రూపు అడ్మిన్లకు ఒక ధైర్యం: సభ్యుడు పెట్టిన పోస్టుకు, ఉమ్మడి ఉద్దేశం రుజువు కానిదే, అడ్మిన్‌ను బాధ్యుణ్ని చేయలేమని బాంబే హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. మన హైకోర్టుకు అవి కట్టుబాటు కాకపోయినా వాదనలో బలంగా నిలుస్తాయి.

సొంత పేరుతో రాసే విద్యార్థులు, రచయితలు. వీళ్లకు వీపీఎన్ మీద పెట్టే ఖర్చు వృథా. కావాల్సింది రెండంచెల లాగిన్, రాసినదానికి ఆధారాలు, చట్టం గురించి కాస్త తెలివిడి. చట్టం సంగతి కింద రాశాను.

లోపలి సమాచారం బయటపెట్టాలనుకునేవారు, వారితో మాట్లాడే విలేకరులు. పరిశ్రమల కాలుష్యమో, ఆసుపత్రి లోపమో బయటపెట్టే మనిషికి అసలు ప్రమాదం మెటాడేటా, అంటే ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఎక్కడి నుంచి అన్న వివరాలు. ఆఫీసు ఫోనూ, ఆఫీసు నెట్టూ వద్దు. మొదటి పరిచయం టార్ బ్రౌజర్‌తోనో, సిగ్నల్‌లో యూజర్ నేమ్‌తో నంబరు దాచుకునో జరగాలి. ఫొటోలు పంపేముందు వాటిలోని లొకేషన్ వివరాలు తీసేయాలి. కాగితం ఫొటో తీస్తే ఆ ప్రతి ఎవరెవరి దగ్గర ఉందో ఆలోచించాలి. ముగ్గురి దగ్గరే ఉన్న కాగితం ఏ యాప్‌లో పంపినా మిమ్మల్ని పట్టిస్తుంది.

నౌకాదళ కుటుంబాలు. మల్కాపురం, సింథియా వైపు ఉండేవారికి యాప్ ఎంపిక కంటే పరిచయాల ఎంపిక ముఖ్యం. సిబ్బందికి నౌకాదళం పెట్టిన నియమాలే చివరి మాట. ఇంట్లోవాళ్లు మాత్రం ఓడ ఎప్పుడు బయల్దేరింది, ఎప్పుడొస్తుంది అన్నవి స్టేటస్‌లో పెట్టకుండా ఉంటే చాలు.

గల్ఫ్‌లో కొడుకో భర్తో ఉన్నవారు. యూఏఈలో వాట్సాప్ చాట్ పనిచేస్తుంది, కాల్స్ పనిచేయవు. వీపీఎన్ పెట్టేయమని ఊళ్లో ఎవరో ఒకరు చెబుతారు. అక్కడి 2021 సైబర్ చట్టం ప్రకారం నేరం చేయడానికో, నేరాన్ని దాచడానికో ఐపీ అడ్రసు మార్చి వాడితే జైలు, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల దాకా జరిమానా. అనుమతి లేని కాల్‌కు వీపీఎన్ వాడితే అది దీని కిందకు వస్తుందా అన్న పరీక్ష మీ అబ్బాయి మీద జరగకూడదు. బోటిమ్, జూమ్, టీమ్స్ లాంటివి అక్కడ అనుమతి ఉన్నవే, వాటితో మాట్లాడుకోండి.

మర్చంట్ నేవీలో ఉన్నవారు. చైనా రేవుల్లో వాట్సాప్, గూగుల్, ఫేస్‌బుక్, సిగ్నల్ అన్నీ ఆగిపోతాయి. అక్కడి సిమ్ కొని, దాని మీద వీపీఎన్ కోసం వెతికే బదులు మన సిమ్‌తో రోమింగ్ తీసుకోవడం మేలు. రోమింగ్ డేటా మామూలుగా మన కంపెనీ నెట్‌వర్క్ ద్వారానే బయటికి వెళ్తుంది కాబట్టి అక్కడి గోడ అడ్డురాదు. చైనాలో ప్రభుత్వ అనుమతి లేని వీపీఎన్‌లు చట్టవిరుద్ధం.

ఇంట్లోవాళ్లే ఫోన్ తీసి చూసే ఆడవాళ్లు. ఈ ప్రమాదం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, అనుభవించేవాళ్లు ఎక్కువ. వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్' తెరిచి చూడండి. మీకు తెలియని కంప్యూటర్ అక్కడ కనిపిస్తే మీ చాట్లన్నీ ఎవరో చదువుతున్నట్టే, వెంటనే లాగౌట్ చేయండి. వేలిముద్ర నిద్రలో కూడా పెట్టించవచ్చు, కాబట్టి అంకెల పాస్‌కోడ్ మంచిది. కొత్త యాప్ ఫోన్లో కనపడటమే గొడవకు దారితీసే ఇంట్లో సిగ్నల్ పెట్టుకోవడం ప్రమాదం. అలాంటప్పుడు నమ్మకమైన స్నేహితురాలి ఫోన్ మంచి దారి.

## పోస్టు మీద నోటీసు వస్తే

2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను కొట్టేసింది. ఆ సెక్షన్ కింద ఇప్పుడు ఎవరి మీదా కేసు పెట్టకూడదు. వాడుకలో ఉన్నవి భారతీయ న్యాయ సంహితలోని 196, 353 లాంటి సెక్షన్లు. వర్గాల మధ్య వైరం పెంచడం, తప్పుడు ప్రచారంతో అలజడి రేపడం వంటి ఆరోపణలు వీటి కిందికి వస్తాయి. 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో, మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న ఇలాంటి మాటల కేసుల్లో ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ జరపడం సముచితమని సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది జూలైలో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, సోషల్ మీడియా పోస్టుల కేసుల్లో రిమాండు విధించేముందు ఆ తీర్పునూ, అరెస్టులపై 2014 నాటి అర్నేశ్ కుమార్ తీర్పునూ పాటించి తీరాలని మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ పంపింది. ఈ రెండు పేర్లు మీ లాయరుకు గుర్తుచేయండి.

విచారణకు రమ్మనే నోటీసు వాట్సాప్‌లో వస్తే అది చట్టప్రకారం అందినట్టు కాదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. వాట్సాప్‌లో వచ్చి డబ్బు అడిగే 'డిజిటల్ అరెస్టు' పూర్తిగా మోసం. చేతికి కాగితం అందితే మాత్రం నిర్లక్ష్యం చేయకూడదు, చెప్పిన రోజు వెళ్లాలి. నోటీసు అందాక పోస్టు తీసేయడం, ఫోన్ రీసెట్ చేయడం వద్దు, సాక్ష్యం చెరిపారంటారు. పోస్టునూ, దానికి మీ దగ్గరున్న ఆధారాలనూ ప్రింటు తీసి లాయరుకు ఇవ్వండి. ఎన్‌క్రిప్ట్ చేసిన సమాచారం తెరవడానికి సహకరించమంటూ ఐటీ చట్టం 69 సెక్షన్ కింద ఆదేశం వస్తే అది తీవ్రమైన విషయం, కాదంటే ఏడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. లాయరు లేకుండా జవాబు చెప్పకండి.

లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా కోర్టుల ప్రాంగణంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా, మిగతావారికి ఆదాయ పరిమితి లోపల ఉంటే లాయరును ఉచితంగా ఇస్తారు. ఆధార్ కార్డు, నోటీసు ప్రతి, పోస్టు ప్రింటు పట్టుకెళ్తే సరిపోతుంది.